కాన్ఫిగ్ ఫైలు ఉంది, అయినా స్విచ్ లేవదు

రోజూ రాత్రి రెండింటికి ఒక స్క్రిప్ట్ నడుస్తుంది. ప్రతి స్విచ్‌లోకీ, రౌటర్‌లోకీ, ఫైర్‌వాల్‌లోకీ లాగిన్ అయి, కాన్ఫిగ్ (ఆ పరికరం ఎలా నడవాలో చెప్పే సెట్టింగుల జాబితా) పట్టుకొచ్చి ఒక ఫోల్డర్‌లో పడేస్తుంది. పొద్దున్నే "212లో 212 సక్సెస్" అని మెయిల్ వస్తుంది. ఆ మెయిల్ చూసి గుండె మీద చెయ్యేసుకుని పడుకునేవాళ్లతోనే నా పేచీ. అది చెప్పేది 212 ఫైళ్లు తయారయ్యాయని మాత్రమే. వాటిలో ఏముందో, ఏం లేదో ఆ మెయిల్‌కు తెలియదు. రేపు ఒక స్విచ్ కాలిపోతే, అట్టపెట్టెలోంచి తీసిన కొత్తదాన్ని ఆ ఒక్క ఫైలుతో నిలబెట్టగలమో లేదో అసలే తెలియదు.

అందుకే నెట్‌వర్క్ పరికరాల బ్యాకప్‌ను ఫైళ్ల లెక్కతో కొలవకూడదంటాను. కొత్త పెట్టె విప్పిన దగ్గర్నుంచి ట్రాఫిక్ నడిచేదాకా ఎన్ని నిమిషాలు పట్టింది, ఆ మధ్యలో ఎవరి జ్ఞాపకం మీద ఎన్నిసార్లు ఆధారపడాల్సి వచ్చింది అనే లెక్కతో కొలవాలి. అలా కొలవడం మొదలుపెడితే చాలా చోట్ల బ్యాకప్ అనుకున్నది సగం బ్యాకప్పేనని తేలిపోతుంది.

ఫైల్లో కనిపించనివి

తేలిక విషయం ముందు చెప్పేస్తాను. సిస్కో ఐఓఎస్‌లో, అంటే సిస్కో స్విచ్‌లనూ రౌటర్లనూ నడిపే ఓఎస్‌లో, కాన్ఫిగ్ రెండు చోట్ల ఉంటుంది. ఇప్పుడు నడుస్తున్నది ర్యామ్‌లో, అంటే రన్నింగ్-కాన్ఫిగ్. పవర్ పోయి తిరిగొచ్చాక చదివేది ఎన్‌వీర్యామ్‌లో, అంటే స్టార్టప్-కాన్ఫిగ్. ఎవరో మార్పు చేసి "రైట్ మెమరీ" (సేవ్ కమాండ్) కొట్టడం మరిచిపోతే ఆ మార్పు ఆర్నెల్ల పాటు చక్కగా పనిచేస్తుంది. ఆర్నెల్ల తర్వాత యూపీఎస్ బ్యాటరీ మార్చిన రోజు మాయమవుతుంది. అప్పుడు అందరూ బ్యాటరీ మార్చినవాణ్ణే తిడతారు. అందుకని బ్యాకప్ స్క్రిప్ట్ రెండింటినీ తేవాలి, పోల్చాలి, తేడా ఒక రోజుకు మించి ఉంటే అరవాలి. పరికరం మీదే చూసుకోవాలంటే "షో ఆర్కైవ్ కాన్ఫిగ్ డిఫరెన్సెస్" అన్న కమాండ్ ఉంది.

అసలు చిక్కు రెండింట్లోనూ లేనివాటితో. వీటిని గుర్తుపెట్టుకుని విడిగా తీయకపోతే ఏ టూలూ తనంతట తాను తెచ్చిపెట్టదు.

వీల్యాన్లు. వీల్యాన్ అంటే ఒకే స్విచ్ మీద విడదీసిన నెట్‌వర్క్. వీటీపీ (స్విచ్‌ల మధ్య వీల్యాన్ల జాబితాను పంచే ప్రోటోకాల్) సర్వర్ మోడ్‌లో ఉన్న సిస్కో స్విచ్‌లో వీల్యాన్ల జాబితా, వాటి పేర్లు రన్నింగ్-కాన్ఫిగ్‌లో ఉండవు. ఫ్లాష్‌లో వీల్యాన్.డాట్ అనే విడి ఫైల్లో ఉంటాయి. కాన్ఫిగ్ మొత్తం తెచ్చి ఎక్కించినా, ఏ యాక్సెస్ పోర్టుకూ చెందకుండా ట్రంకు (స్విచ్‌ల మధ్య చాలా వీల్యాన్లను మోసే లింకు) మీదుగా మాత్రమే పోయే వీల్యాన్లు ఆ స్విచ్‌కు తెలియవు. తెలియని వీల్యాన్ ట్రాఫిక్‌ను అది ముందుకు పంపదు. లింకు లైటు మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంటుంది. దీనికి నా పరిష్కారం బ్యాకప్‌లో కాదు, డిజైన్‌లో ఉంది: వీటీపీని ట్రాన్స్‌పరెంట్ మోడ్‌లో పెట్టండి, వీల్యాన్లు కాన్ఫిగ్ ఫైల్లోకే వచ్చేస్తాయి. స్పేర్‌గా తెచ్చిన పాత స్విచ్ వీటీపీ రివిజన్ నంబరు (ఇది ఎక్కువున్నదాని జాబితానే మిగతా స్విచ్‌లు తీసుకుంటాయి) ఎక్కువై, డొమైన్‌లోని వీల్యాన్లన్నిటినీ తుడిచేసే ప్రమాదం కూడా దాంతోనే పోతుంది.

తాళాలు. ఎస్ఎస్‌హెచ్‌కి (దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతికి) వాడే ఆర్ఎస్ఏ ప్రైవేట్ కీ రన్నింగ్-కాన్ఫిగ్‌లో కనపడదు. సర్టిఫికెట్ల గొలుసు కనపడుతుంది, వాటి ప్రైవేట్ కీ కనపడదు. అంటే వీపీఎన్‌కి సర్టిఫికెట్ వాడుతుంటే, రిస్టోర్ చేశాక సర్టిఫికెట్ ఉంటుంది, టన్నెల్ లేవదు. ఎస్ఎన్ఎంపీ (మానిటరింగ్‌కు వాడే ప్రోటోకాల్) మూడో వెర్షన్ యూజర్లదీ ఇదే కథ: ఐఓఎస్ వాళ్లను కాన్ఫిగ్‌లో చూపించదు. పైగా వాళ్ల కీలు ఆ పరికరం ఇంజిన్ ఐడీతో ముడిపడి ఉంటాయి. పెట్టె మారితే ఆ ఐడీ మామూలుగా మారిపోతుంది, కాబట్టి యూజర్లను మళ్లీ సృష్టించాల్సిందే. స్విచ్ బాగానే ఉంటుంది, మానిటరింగ్ తెర మీద మాత్రం ఎర్రగా కనిపిస్తుంది.

చుక్కలు. సిస్కో ఏఎస్ఏ ఫైర్‌వాల్‌లో "షో రన్నింగ్-కాన్ఫిగ్" కొడితే ప్రీ-షేర్డ్ కీ (వీపీఎన్ రెండు చివర్లా పెట్టే ఉమ్మడి రహస్యం) ఉండాల్సిన చోట ఐదు నక్షత్రాలు వస్తాయి. ఆ ఫైలునే బ్యాకప్ అనుకుని దాచుకున్నవాళ్లు, అవసరం పడ్డ రోజున నక్షత్రాలను ఎక్కిస్తారు. "మోర్ సిస్టమ్:రన్నింగ్-కాన్ఫిగ్" కొడితే అసలు విలువలు కనిపిస్తాయి. మైక్రోటిక్ రౌటర్లలో ఇదే గోతి మరో రూపంలో ఉంది. వాటి ఓఎస్ అయిన రౌటర్ఓఎస్ ఆరో వెర్షన్‌లో ఎక్స్‌పోర్ట్ చేస్తే రహస్యాలు వాటంతట అవే వచ్చేవి, వద్దంటే "హైడ్-సెన్సిటివ్" అనాలి. ఏడో వెర్షన్‌లో తిరగబడింది: అడక్కపోతే రావు, కావాలంటే "షో-సెన్సిటివ్" అనాలి. వెర్షన్ అప్‌గ్రేడ్ చేసి స్క్రిప్ట్‌ను అలాగే వదిలేసిన చోట ఆ రోజు నుంచి బ్యాకప్‌లు బోలుగా తయారవుతున్నాయి, మెయిల్ మాత్రం సక్సెస్ అంటూనే ఉంది. లాగిన్ యూజర్ల పాస్‌వర్డ్‌లైతే ఏ వెర్షన్ ఎక్స్‌పోర్ట్‌లోనూ రావు. బైనరీ బ్యాకప్‌లో వస్తాయి గానీ, అది అదే పరికరానికి ఉద్దేశించినది. మ్యాక్ అడ్రసులతో (పోర్టుల హార్డ్‌వేర్ చిరునామాలతో) సహా మోసుకొస్తుంది కాబట్టి వేరే పెట్టెలో పోస్తే కొత్త తలనొప్పి. కాబట్టి రెండూ తీయాలి.

మాస్టర్ కీ. ఐఓఎస్‌లో టైప్ 6 పాస్‌వర్డ్‌లు వాడుతుంటే వాటిని ఎన్‌క్రిప్ట్ చేసిన మాస్టర్ కీ కాన్ఫిగ్‌లో కనపడదు. ఫోర్టిగేట్ ఫైర్‌వాల్‌లో ప్రైవేట్ డేటా ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసినా అంతే, ఆ కీ లేకుండా కొత్త పెట్టెలో ఆ ఫైలు పనికిరాదు. భద్రత కోసం చేసిన మంచి పనే ఇది. కానీ ఆ కీని ఎక్కడా రాసి పెట్టకపోతే తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టే.

అట్టపెట్టెలోంచి తీసిన స్విచ్

రిస్టోర్ అనగానే చాలామంది చేసే పని: కన్సోల్ కేబుల్ (నెట్‌వర్క్ లేకుండా నేరుగా పరికరంలోకి వెళ్లే తీగ) పెట్టి, నోట్‌ప్యాడ్‌లోంచి కాన్ఫిగ్ మొత్తం కాపీ చేసి, టెర్మినల్‌లో పేస్ట్ చేయడం. ఇది ఎందుకు చెడుతుందో కాస్త దగ్గర్నుంచి చూద్దాం.

కన్సోల్ వేగం మామూలుగా 9600 బాడ్. ఒక్కో అక్షరానికి స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి పది బిట్లు, అంటే సెకనుకు 960 అక్షరాలు. 48,000 అక్షరాల కాన్ఫిగ్‌కు తీగ మీద ప్రయాణమే 50 సెకన్లు. స్విచ్ ఒక్కో లైనును చదివి అమలు చేస్తూ ఉంటుంది. కొన్ని లైన్లకు ఎక్కువ సేపు పడుతుంది. ఈలోగా టెర్మినల్ ఆగదు, బఫర్ నిండి అక్షరాలు రాలిపోతాయి. "స్విచ్‌పోర్ట్ యాక్సెస్ వీల్యాన్ 130" కాస్తా "వీల్యాన్ 13" అయిందనుకోండి, అది తప్పు కమాండ్ కాదు కాబట్టి ఎర్రర్ కూడా రాదు. పేస్ట్ తప్పనిసరైతే టెర్మినల్ ప్రోగ్రామ్‌లో లైనుకు 100 మిల్లీసెకన్ల విరామం పెట్టండి. 1500 లైన్లకు రెండున్నర నిమిషాలు అదనం, అంతే.

రెండో దెబ్బ ఇంకా చక్కగా తగులుతుంది. కాన్ఫిగ్‌లో ఏఏఏ లైన్లు (ఎవరు లాగిన్ అవ్వొచ్చో, ఏం చేయొచ్చో చెప్పేవి) పైభాగంలోనే ఉంటాయి. కమాండ్ ఆథరైజేషన్‌ను, కన్సోల్‌తో సహా, ట్యాకాక్స్ అనే అనుమతుల సర్వర్‌కు అప్పజెప్పే లైన్లు పేస్ట్ అయిన క్షణం నుంచి, ఆ తర్వాతి ప్రతి లైనుకూ స్విచ్ సర్వర్‌ను అనుమతి అడగాలనుకుంటుంది. సర్వర్‌కు దారి చూపే ఐపీ అడ్రసు, రూటు ఇంకా కింద ఎక్కడో ఉన్నాయి. ఇక అక్కడి నుంచి "కమాండ్ ఆథరైజేషన్ ఫెయిల్డ్" అంటూ వరసగా పడుతుంది. స్విచ్ సగం కాన్ఫిగ్‌తో, మీరు సగం బయట.

మూడోది రౌటర్లలో. ఇంటర్‌ఫేస్ తెరిచి ఉందంటే కాన్ఫిగ్‌లో "నో షట్‌డౌన్" అని రాసి ఉండదు. డిఫాల్ట్ విలువలను ఐఓఎస్ చూపించదు. కొత్త రౌటర్‌లో పోర్టులు మూసి ఉంటాయి. ఫైలును నడుస్తున్న కాన్ఫిగ్‌లో కలిపితే, తెరవమని ఫైల్లో ఎక్కడా లేదు కాబట్టి అన్నీ మూసే ఉంటాయి.

ఈ మూడింటికీ మందు ఒకటే. పేస్ట్ చేయకుండా, రన్నింగ్‌లో కలపకుండా, ఫైలును నేరుగా స్టార్టప్-కాన్ఫిగ్‌గా పెట్టి రీబూట్ చేయడం. యూఎస్‌బీ పోర్టు ఉన్న మోడల్ అయితే ఫ్యాట్32 ఫార్మాట్ చేసిన స్టిక్‌లోంచి "కాపీ యూఎస్‌బీఫ్లాష్0:" కమాండ్‌తో స్టార్టప్-కాన్ఫిగ్‌కు. లేదంటే వీల్యాన్ 1కి తాత్కాలికంగా ఒక ఐపీ ఇచ్చి, ల్యాప్‌టాప్‌ను నేరుగా తగిలించి దాన్నుంచి. తర్వాత "రీలోడ్". ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. "సిస్టమ్ కాన్ఫిగరేషన్ హ్యాజ్ బీన్ మాడిఫైడ్. సేవ్?" అని అడగొచ్చు. అలవాటుగా యెస్ కొడితే ఖాళీగా ఉన్న రన్నింగ్-కాన్ఫిగ్ వెళ్లి, మీరిప్పుడే పెట్టిన ఫైలు మీద కూర్చుంటుంది. నో కొట్టాలి. ఈ ఒక్క అక్షరం దగ్గర పోయిన సమయానికి లెక్క లేదు.

బూట్ అయ్యాక కన్సోల్‌లోనే "క్రిప్టో కీ జనరేట్ ఆర్ఎస్ఏ", 2048 బిట్లు. హోస్ట్‌నేమ్, డొమైన్ పేరు అప్పటికే ఫైల్లోంచి వచ్చి ఉంటాయి కాబట్టి కీ తయారవుతుంది. ఇది చేయకుండా ర్యాక్‌లో బిగించి వెళ్లిపోతే, వీటీవై లైన్ల (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే దారుల) మీద ఎస్ఎస్‌హెచ్ ఒక్కదానికే అనుమతి ఉంటుంది, ఎస్ఎస్‌హెచ్‌కి కీ ఉండదు, మళ్లీ నడిచి రావాలి. తర్వాత ఎస్ఎన్ఎంపీ యూజర్లు, అవసరమైతే వీల్యాన్.డాట్.

ఇవన్నీ చేయడానికి ముందే చూడాల్సినవి రెండు: ఓఎస్ వెర్షన్, లైసెన్సు. కొత్త వెర్షన్‌లో రాసిన లైన్లు పాత ఇమేజ్‌కు అర్థం కావు, వాటిని వదిలేసి మిగతావి చదువుకుంటుంది. బూట్ సమయంలో తెర మీద పరుగెత్తిన ఆ ఎర్రర్లను ఎవరూ చూడరు. కన్సోల్ లాగ్‌ను ఫైల్లోకి పట్టుకోవడం అందుకే. లైసెన్సు చాలా సంస్థల పరికరాల్లో సీరియల్ నంబరుకు కట్టి ఉంటుంది. పెట్టె మారితే సంస్థ పోర్టల్‌లో బదిలీ చేయాలి, దానికి వేరే లాగిన్, ఆ లాగిన్ సెలవులో ఉన్న మనిషి దగ్గర. కాన్ఫిగ్ పక్కనే "షో వెర్షన్", "షో ఇన్వెంటరీ" అవుట్‌పుట్, సరిగ్గా ఆ ఓఎస్ ఇమేజ్, దాని హ్యాష్ ఉంచడం నా దృష్టిలో బ్యాకప్‌లో భాగమే.

వేరే మోడల్ పెట్టాల్సి వస్తే పోర్టుల పేర్లు మారతాయి. గిగాబిట్ ఉన్న చోట టెన్-గిగ్, 1/0/1 ఉన్న చోట 0/1. పీఎఫ్‌సెన్స్ ఫైర్‌వాల్‌లో కాన్ఫిగ్ అంతా ఒకే ఎక్స్ఎంఎల్ ఫైలు. అందులో నెట్‌వర్క్ కార్డుల పేర్లు రాసి ఉంటాయి. కొత్త పెట్టెలో కార్డు వేరైతే బూట్ సమయంలోనే ఇంటర్‌ఫేస్‌లు మళ్లీ కేటాయించమని కన్సోల్‌లో అడుగుతుంది. ఫోర్టిగేట్ ఫైలు మొదటి లైన్లోనే మోడల్, వెర్షన్ ఉంటాయి, వేరే మోడల్ ఫైలును నేరుగా ఒప్పుకోదు. స్పేర్ కొనేటప్పుడు "దాదాపు అలాంటిదే" అన్న మాట ఖరీదు ఇది.

అన్నీ సరిగ్గా చేసి గేట్‌వే మార్చినా, పక్కనున్న పరికరాలు పాత మ్యాక్ అడ్రసునే పట్టుకుని కూర్చోవచ్చు. సిస్కోలో ఏఆర్‌పీ ఎంట్రీ (ఏ ఐపీది ఏ మ్యాక్ అడ్రసో గుర్తుపెట్టుకునే వరస) డిఫాల్ట్ ఆయుష్షు నాలుగు గంటలు. కొత్త పరికరం మామూలుగా తన రాకను చాటుతుంది గానీ, అవతలివాడు వినకపోతే అక్కడ ఏఆర్‌పీ క్లియర్ చేయించాలి. లేదంటే కాన్ఫిగ్‌లో లేని తప్పు కోసం కాన్ఫిగ్‌ను మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చుంటారు.

కలపడం, మార్చడం ఒకటి కాదు

బతికున్న పరికరాన్ని నిన్నటి స్థితికి తీసుకెళ్లాలనుకున్నప్పుడు ఇంకో భ్రమ బయటపడుతుంది. ఫైలును రన్నింగ్-కాన్ఫిగ్‌కు కాపీ చేస్తే అది ఉన్నదాని మీద కలుస్తుందే తప్ప, ఉన్నది పోయి అది రాదు. ఈరోజు పొరపాటున చేర్చిన లైను నిన్నటి ఫైల్లో లేదు. లేని లైను దేన్నీ తీసేయలేదు. యాక్సెస్ లిస్టు (ఏ ట్రాఫిక్‌ను వదలాలో, దేన్ని ఆపాలో చెప్పే జాబితా) అయితే మరీ ఘోరం. పాత లైన్లు అలాగే ఉండి, ఫైల్లోవి కింద చేరవచ్చు. పైన ఉన్న తప్పుడు "పర్మిట్" అలాగే పనిచేస్తుంటే, మీరు రిస్టోర్ అయిందనుకుంటారు. ఐఓఎస్‌లో నిజంగా మార్చాలంటే "కాన్ఫిగర్ రీప్లేస్" వాడాలి. అది తేడా లెక్కగట్టి, తీయాల్సినవి తీసి, చేర్చాల్సినవి చేరుస్తుంది.

ఈ విషయంలో జునిపర్ పరికరాల పద్ధతే నాకు నచ్చుతుంది. మార్పులు క్యాండిడేట్ కాన్ఫిగ్‌లో జరుగుతాయి, "షో | కంపేర్" చూసి, "కమిట్" కొట్టాకే అమల్లోకి వస్తాయి. రోల్‌బ్యాక్ 0 నుంచి 49 దాకా, మొత్తం యాభై కాన్ఫిగ్‌లు పరికరంలోనే ఉంటాయి. లోడ్ చేసేటప్పుడు "మెర్జ్" కావాలో "ఓవర్‌రైడ్" కావాలో మన నోటితోనే చెప్పాలి కాబట్టి భ్రమకు చోటు లేదు. "కమిట్ కన్ఫర్మ్‌డ్" అంటే పది నిమిషాల్లో మళ్లీ ఖాయం చేయకపోతే తనంతట తానే వెనక్కి వెళ్తుంది. పరికరాల కాన్ఫిగ్‌ను మార్చడానికి ఉన్న నెట్‌కాన్ఫ్ ప్రమాణం (2011 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 6241) ఇదే ఆలోచనను 600 సెకన్ల డిఫాల్ట్‌తో చెబుతుంది. ఐఓఎస్‌లోనూ ఉంది: ముందు "ఆర్కైవ్" కింద దారి చూపించి ఉంచితే, "కాన్ఫిగర్ టెర్మినల్ రివర్ట్ టైమర్ 10" పనిచేస్తుంది, పని బాగుంటే "కాన్ఫిగర్ కన్ఫర్మ్".

పాత "రీలోడ్ ఇన్ 10" (పది నిమిషాల్లో రీబూట్ అవ్వు) చిట్కా ఇప్పటికీ పనికొస్తుంది. కానీ వరస తప్పకూడదు: ముందు సేవ్ చేయాలి, తర్వాత టైమర్ పెట్టాలి, తర్వాత మార్పు, బాగుంటే "రీలోడ్ క్యాన్సిల్", అప్పుడు మళ్లీ సేవ్. మధ్యలో అలవాటు చొప్పున సేవ్ కొడితే పది నిమిషాల తర్వాత స్విచ్ నిజాయితీగా ఆ తప్పుడు కాన్ఫిగ్‌తోనే లేస్తుంది.

వచ్చింది ఫైలేనా

సక్సెస్ అన్న మాటకు స్క్రిప్ట్‌లో అర్థం ఏమిటో తెరిచి చూడండి. చాలా చోట్ల "లాగిన్ అయ్యాను, ఏదో వచ్చింది, రాశాను" అన్నదే. వచ్చిన ఆ "ఏదో" ఇలా ఉండొచ్చు: ఒకే లైను, "ఆథరైజేషన్ ఫెయిల్డ్". లేదా "టెర్మినల్ లెంగ్త్ 0" (తెర తెరకూ ఆగకుండా చూపించు) ఇవ్వకపోవడంతో మొదటి తెర దగ్గర ఆగిపోయిన 24 లైన్లు. లేదా బ్యాకప్ యూజర్ ప్రివిలేజ్ తగ్గించడంతో, ఆ యూజర్ మార్చగలిగే లైన్లు మాత్రమే ఉన్న చిక్కిపోయిన కాన్ఫిగ్. చివరిది మహా మోసకారి, చూడ్డానికి పూర్తి ఫైలులాగే ఉంటుంది.

కాబట్టి మూడు పరీక్షలు చాలు. ఐఓఎస్ ఫైలు "ఎండ్" అన్న లైనుతో ముగిసిందా. ఉండి తీరాల్సిన లైన్లు, అంటే ఆ పరికరానిదే అయిన హోస్ట్‌నేమ్, కనీసం ఒక ఇంటర్‌ఫేస్, వీటీవై, ఉన్నాయా. నిన్నటికన్నా సైజు ఐదో వంతుకు మించి తగ్గిందా. తగ్గితే పాతదాని మీద రాయకుండా ఆపి, మనిషిని పిలవాలి. హోస్ట్‌నేమ్ పోల్చడం ఎందుకంటే, ఐపీ అడ్రసు వేరే పెట్టెకు మారినప్పుడు ఒక స్విచ్ పేరుతో ఇంకో స్విచ్ కాన్ఫిగ్ నెలల తరబడి దాచుకున్నట్టవుతుంది.

రోజువారీ ఉపయోగం డిఫ్‌లో ఉంది

పెట్టె చావడం అరుదు. "నిన్నటిదాకా పనిచేసింది, ఇవాళ పనిచేయడం లేదు" మాత్రం వారానికోసారి. అందుకే కాన్ఫిగ్‌లను తేదీ పేర్లతో వేర్వేరు ఫైళ్లుగా పోగేయడం నాకు నచ్చదు. ఒక్కో పరికరానికి ఒకే ఫైలు, గిట్‌లో (మార్పుల చరిత్రను దాచి, పాతదానికీ కొత్తదానికీ తేడాను, అంటే డిఫ్‌ను, చూపించే టూల్‌లో). 200 పరికరాలు, ఒక్కోటి 50 కేబీ అనుకున్నా పది ఎంబీ. మారని రోజున గిట్ ఏమీ చేర్చదు, కాబట్టి పాతవి తుడవాల్సిన అవసరమే రాదు. రాన్సిడ్ అనే కాన్ఫిగ్ బ్యాకప్ టూల్ ఎప్పటి నుంచో చేస్తున్న పని ఇదే. ఆక్సిడైజ్డ్ అనే మరో టూల్ ఇదే పనిని మరింత సులువుగా, డిఫాల్ట్‌గా 3600 సెకన్లకోసారి చేస్తుంది.

కానీ డిఫ్ బతకాలంటే రొద పోవాలి. "కరెంట్ కాన్ఫిగరేషన్: ఇన్ని బైట్లు", "లాస్ట్ కాన్ఫిగరేషన్ చేంజ్ యట్", పాత ఐఓఎస్‌లో తనంతట తానే మారే "ఎన్‌టీపీ క్లాక్-పీరియడ్", ఇవన్నీ ప్రతిసారీ డిఫ్‌లో తేలతాయి. ఫోర్టిగేట్ అయితే పాస్‌వర్డ్ మారకపోయినా ఎన్‌క్రిప్ట్ చేసిన అక్షరాలు ప్రతి బ్యాకప్‌కూ కొత్తగా వస్తాయి. వీటిని వడకట్టకపోతే రోజూ రెండొందల డిఫ్ మెయిళ్లు వస్తాయి, మూడో రోజు నుంచి ఎవరూ తెరవరు, పదో రోజున అసలు మార్పు ఆ గుట్టలో ఉంటుంది.

రాత్రి రెండింటి దాకా ఆగడం కూడా ఎందుకు? ఎవరైనా కాన్ఫిగ్ మోడ్‌లోంచి బయటికి రాగానే ఐఓఎస్ సిస్‌లాగ్‌లో (పరికరం పంపే లాగ్ సందేశాల్లో) "సిస్-5-కాన్ఫిగ్_ఐ" అన్న సందేశం పంపుతుంది. ఏ యూజర్, ఏ ఐపీ నుంచో అందులోనే ఉంటుంది. ఆ సందేశం వచ్చిన రెండు మూడు నిమిషాలకు ఆ ఒక్క పరికరం బ్యాకప్ తీసేలా కట్టండి. అప్పుడు గిట్ కమిట్‌లో మార్పుతో పాటు మనిషి పేరూ ఉంటుంది. తప్పు పట్టడానికి కాదు, అడగడానికి.

రహస్యాల గుట్ట

బ్యాకప్ ఫోల్డర్ అంటే నెట్‌వర్క్ మొత్తం నకలు. సిస్కో టైప్ 7 పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షనే కాదు, పక్కవాడు భుజం మీదుగా చదవకుండా కప్పిన గుడ్డ. క్షణంలో విప్పొచ్చు. జునిపర్‌లో డాలర్-9-డాలర్‌తో మొదలయ్యేవీ అంతే. యూజర్ పాస్‌వర్డ్‌లకు టైప్ 8 లేదా 9 వాడండి. ఎస్ఎన్ఎంపీ కమ్యూనిటీ పేరు (పాత వెర్షన్లలో పాస్‌వర్డ్‌లా పనిచేసేది) మామూలుగా తెరిచే ఉంటుంది. 2025 జనవరిలో సుమారు 15,000 ఫోర్టిగేట్ పరికరాల కాన్ఫిగ్‌లు బయట పడ్డాయి. అవి 2022లో ఒక లోపాన్ని వాడుకుని లాగినవి. లోపానికి ప్యాచ్ వేసుకున్నవాళ్లు కూడా పాస్‌వర్డ్‌లు మార్చకపోతే ఆ జాబితాలో బతికే ఉన్నట్టు. 2025లోనే సోనిక్‌వాల్ అనే ఫైర్‌వాల్ సంస్థ క్లౌడ్ బ్యాకప్ వాడిన కస్టమర్లందరి ఫైళ్లూ బయటివాళ్ల చేతికి చిక్కాయని ఆ సంస్థే ప్రకటించింది. పరికరం తయారీదారు క్లౌడ్‌లో బ్యాకప్ సౌకర్యంగా ఉంటుంది, కాదనను. నేనైతే అక్కడికి ఏది వెళ్లినా ముందు నా కీతో ఎన్‌క్రిప్ట్ చేసే పంపిస్తాను.

ఇక్కడ చాలామంది ఒక తప్పు సర్దుబాటు చేస్తారు. ఆక్సిడైజ్డ్‌లో "రిమూవ్ సీక్రెట్" ఆన్ చేసి ఊపిరి పీల్చుకుంటారు. భద్రం నిజమే, కానీ ఆ ఫైలుతో రిస్టోర్ చేయలేరు. ఒకే ఫైలు రెండు పనులూ చేయదు. రహస్యాలు తీసేసిన కాపీ గిట్‌లోకి, టీమ్ అందరూ డిఫ్ చూసుకోవడానికి. రహస్యాలతో ఉన్న పూర్తి కాపీ, ఎన్‌క్రిప్ట్ చేసి, ఇద్దరు ముగ్గురికే కీ ఇచ్చి, విడిగా. గిట్‌లోకి ఒకసారి పాస్‌వర్డ్ వెళ్లిందంటే తర్వాత ఫైల్లోంచి తీసేసినా చరిత్రలో ఉంటుంది. ఆ పాస్‌వర్డ్ మార్చడమే దారి.

ఫైళ్లు పంపే పాత పద్ధతి టీఎఫ్‌టీపీ గురించి ఒక్క మాట. 1992 నాటి ఆర్ఎఫ్‌సీ 1350లో లాగిన్ అన్నదే లేదు, ఎన్‌క్రిప్షన్ అసలే లేదు. బెంచి మీద ల్యాప్‌టాప్‌కూ స్విచ్‌కూ మధ్య ఒక తీగ ఉన్నప్పుడు వాడండి. రాత్రి బ్యాకప్‌లకు, ఎన్‌క్రిప్ట్ చేసి పంపే ఎస్‌సీపీ లేదా ఎస్ఎఫ్‌టీపీ.

దారి మూసుకుపోయినప్పుడు దొరికే కాపీ

2022 జులై 8న కెనడాలో రోజర్స్ అనే టెలికాం సంస్థ నెట్‌వర్క్ కూలింది. డిస్ట్రిబ్యూషన్ రౌటర్ల కాన్ఫిగ్‌లోంచి రూట్ ఫిల్టర్ తీసేయడంతో కోర్ రౌటర్లు రూట్ల వరదలో మునిగాయి. సరిదిద్దాల్సిన ఇంజినీర్ల మేనేజ్‌మెంట్ దారి కూడా అదే కోర్ మీదుగా ఉండటంతో వాళ్లకు పరికరాలు అందలేదు, ఏం జరిగిందో తెలుసుకోవడానికే గంటలు పట్టింది. ఇది చిన్న నెట్‌వర్క్‌లలో ఇంకా సులువుగా జరుగుతుంది: గిట్ సర్వర్ చచ్చిన ఫైర్‌వాల్ వెనకాలే ఉంటుంది, పాస్‌వర్డ్ వాల్ట్ సింగిల్ సైన్-ఆన్ అడుగుతుంది, ఆ సైన్-ఆన్ ఇంటర్నెట్ అడుగుతుంది, ఇంటర్నెట్ ఆ ఫైర్‌వాల్ మీదుగా రావాలి. ఈ గొలుసును కాగితం మీద గీసి చూడండి, ఎక్కడో గుండ్రంగా తిరుగుతుంది. తెంపడానికి కావాల్సింది పెద్దదేం కాదు: వారానికోసారి రిపాజిటరీని లాక్కునే ఒక ఎన్‌క్రిప్టెడ్ ల్యాప్‌టాప్, కన్సోల్ కేబుల్, కీలక పరికరాలకు మొబైల్ డేటాతో నడిచే కన్సోల్ సర్వర్, సర్వర్ అందకపోయినా పనిచేసే ఒక లోకల్ యూజర్.

"మా దగ్గర అంతా యాన్సిబుల్ (కాన్ఫిగ్‌లను తయారుచేసి ఎక్కించే టూల్) టెంప్లేట్ల నుంచే వస్తుంది, బ్యాకప్ ఎందుకు" అనేవాళ్లున్నారు. టెంప్లేట్ ఎలా ఉండాలో చెబుతుంది, బ్యాకప్ ఎలా ఉందో చెబుతుంది. అర్ధరాత్రి లింకు పడిపోతే చేత్తో వేసిన స్టాటిక్ రూటు టెంప్లేట్‌లో లేదు. మర్నాడు టెంప్లేట్ నడిస్తే దాన్ని తుడిచేయవచ్చు, లేదా ఎవరికీ తెలియకుండా అలాగే ఉండిపోవచ్చు. రెండింటి మధ్య తేడా చూపించే డిఫ్ లేకపోతే ఏది జరిగిందో కూడా తెలియదు.

ఇక డ్రిల్. మూడు నెలలకోసారి ఒక స్పేర్, ఒక వాచీ, ఆ స్విచ్‌ను రోజూ చూడని మనిషి. ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఇవ్వండి. అసలుది లైన్లో ఉండగానే దాని ఐపీతో స్పేర్ లేస్తుంది కాబట్టి అప్‌లింక్ మాత్రం తగిలించవద్దు. బెంచి మీదే రెండు వీల్యాన్లలో రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టి పరీక్షించండి. స్పేర్ లేకపోతే జీఎన్ఎస్3లోనో, ఈవీఈ-ఎన్‌జీలోనో (కంప్యూటర్‌లో నెట్‌వర్క్‌ను అనుకరించే టూళ్లు) వర్చువల్ ఇమేజ్ మీద ఎక్కించండి, కనీసం ఏ లైన్లను తిప్పికొడుతుందో తెలుస్తుంది. ఆ మనిషి చేత్తో టైప్ చేసిన ప్రతి కమాండ్‌నూ, అడిగిన ప్రతి ప్రశ్ననూ పక్కన రాయండి. "మాస్టర్ కీ ఎక్కడుంది", "ఏ ఇమేజ్ వేయాలి", "ఈ ఎస్ఎన్ఎంపీ యూజర్ పాస్‌వర్డ్ ఏమిటి". ఆ జాబితాను పరికరం పేరుతోనే ఒక టెక్స్ట్ ఫైలుగా కాన్ఫిగ్ పక్కన చేర్చండి. రహస్యాలను మాత్రం ఎన్‌క్రిప్ట్ చేసిన చోటే ఉంచి, ఎక్కడున్నాయో ఇందులో రాయండి. వచ్చే డ్రిల్‌లో ఇంకో మనిషికి ఆ రెండు ఫైళ్లు మాత్రమే ఇచ్చి, మీరు గది బయట నిలబడండి.